నాన్న వైద్యానికి ఇల్లు అమ్మేముందు

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకింది. చాలావరకు మంచంలోనే ఉంటున్నారు. ఆపరేషన్ కుదరదు, తలంతటికీ రేడియేషన్ ఇచ్చినా ఒరిగేది పెద్దగా ఉండదు, పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే ఉపశమన వైద్యం) మేలు అని డాక్టరు చెప్పారు. తమ్ముడేమో ఇల్లు అమ్మైనా సరే ఇంకో పెద్దాసుపత్రికి తీసుకెళ్దామంటున్నాడు. కొన్ని డిపాజిట్లు, నాన్న పేరున ఒక జీవిత బీమా ఉన్నాయి. అమ్మకు ఆ ఇల్లే ఆధారం. ఏం చేయమంటారు?

జవాబు: ఇల్లు ఇప్పుడే బేరం పెట్టకండి.

మీ తమ్ముణ్ణి తప్పుపట్టను. డబ్బుకు చూసుకుని నాన్నను వదిలేశామన్న మాట జీవితాంతం వెంటాడుతుందేమోనని అతని భయం. ఆ భయానికి ఒక అంకె చూపించండి. మీ నాన్నగారి లాంటి స్థితిలో, అంటే నాన్ స్మాల్ సెల్ అనే, ఎక్కువగా కనిపించే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకి, ఆపరేషన్‌కు వీలులేని 538 మందిపై జరిగిన క్వార్ట్జ్ అధ్యయనం 2016లో వెలువడింది. అందరికీ స్టెరాయిడ్లు, ఉపశమన వైద్యం అందాయి, సగం మందికి అదనంగా తలంతటికీ రేడియేషన్ ఇచ్చారు. రేడియేషన్ తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది తక్కువ బతికిన కాలం) 9.2 వారాలు, తీసుకోనివారిది 8.5 వారాలు. చెప్పుకోదగ్గ తేడా లేదు, బతికిన రోజుల సుఖంలోనూ అంతే. పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడం కాదని తమ్ముడికి డాక్టరుతోనే చెప్పించండి.

అయితే రెండు విషయాలు అడగకుండా వదలొద్దు. క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యు మార్పులకు పరీక్ష చేశారా? ఉంటే మెదడు దాకా చేరే మాత్రలున్నాయి, నీరసించినవాళ్లు కూడా వాటితో కొంత కోలుకోవచ్చు. మెదడులో గడ్డలు కొన్నే ఉంటే, వాటికే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ కుదురుతుందా? రెండో డాక్టరుకు స్కాన్లు, బయాప్సీ రిపోర్టు చూపిస్తే చాలా సందర్భాల్లో సరిపోతుంది, నాన్నగారిని మోసుకెళ్లక్కర్లేదు. ఆ మాత్రం ఖర్చు పెట్టాల్సిందే.

ఇక డబ్బు అసలు ఎక్కడ కావాలి? ఇంట్లో. మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, మూర్ఛ మాత్రలు, మార్ఫిన్ అన్నీ పాత మందులే, బడ్జెట్‌ను ముంచేవి కావు. ముంచేది మనిషి సాయం. స్టెరాయిడ్ వల్ల రాత్రి నిద్ర పట్టదు (పొద్దున్నే ఇస్తే కాస్త నయం), షుగర్ పెరుగుతుంది, తొడల్లో బలం పోయి ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేని పరిస్థితి రావచ్చు. రాత్రి మనిషి జీతం, గాలి పరుపు, కమోడ్ కుర్చీ రాసుకోండి; సామాన్లు కొనకండి, అద్దెకు దొరుకుతాయేమో చూడండి. దగ్గరుండి చూసుకోవడానికి ఉద్యోగం మానేసేది మీరా, తమ్ముడా? పోయే ఆ జీతమూ ఖర్చే. చాలా ఇళ్లలో దాన్ని లెక్కలో రాయనే రాయరు. మూడు నెలలకు సరిపడా ఇవన్నీ వేసి, చిన్న డిపాజిట్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే తీయండి. అర్ధరాత్రి మూర్ఛ వస్తే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో డాక్టరుతో ముందే రాయించుకోండి. అది లేకపోతే కంగారులో ఐసీయూకి పరుగెత్తుతాం. ఇల్లు అమ్మే పరిస్థితి ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

నన్నడిగితే అన్నిటికన్నా తొందర సంతకాలది. మెదడు జబ్బులో తెలివి ఎప్పుడు మసకబారుతుందో చెప్పలేం. నాన్నగారు తేటగా ఉన్న పూట ఖాతాలకు, బీమాకు నామినీ, వీలునామా, తనకు ఎలాంటి వైద్యం వద్దో చెప్పే పత్రం పూర్తి చేయించండి. ఆ రోజు స్పృహలో, సరైన నిర్ణయ శక్తితో ఉన్నారని డాక్టరు దగ్గర కాగితం తీసుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ రాయిస్తే, ఆయనకు తెలివి తప్పాక కూడా చెల్లుతుందా అని లాయరును సూటిగా అడగండి. మామూలు పత్రం చాలాచోట్ల చెల్లదు.

బీమా ప్రీమియం గడువు ఎప్పుడో ఈ రోజే చూడండి. ఆసుపత్రి హడావిడిలో కంతు తప్పి, సరిగ్గా అవసరమైనప్పుడు పాలసీ రద్దయిన ఇళ్లు నేను చూశాను. ప్రాణాంతక వ్యాధి తేలితే ముందే సొమ్ము ఇచ్చే నిబంధన కొన్ని పాలసీల్లో ఉంటుంది, మీ పత్రాల్లో వెతకండి.