ప్రసారమైపోయిన టీవీ కార్యక్రమాన్ని వెతికి పట్టుకోవడం ఎలా?

కొత్తగా విదేశానికి వచ్చి కుదురుకుంటున్న మనవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఫలానా రోజు టీవీలో వచ్చిన కార్యక్రమం నెట్‌లో ఉందని ఇంటి నుంచి ఫోనులో చెప్పారు, గంటసేపు వెతికినా ప్రోమోలూ ముక్కలూ తప్ప అసలుది కనిపించలేదు, దాన్ని పట్టుకునే మార్గం ఏమైనా ఉందా అని అడుగుతారు. మనకు పగలైనప్పుడు అక్కడ రాత్రి కావడం వల్ల కార్యక్రమాలను ప్రసార సమయంలోనే చూడటం చాలామందికి కుదరదు. అందుకే ఇక్కడ మన టీవీ అంటే దాదాపుగా రికార్డయిన టీవీయే. పందొమ్మిదేళ్లుగా నేనూ అలాగే చూస్తున్నాను కాబట్టి, ఈ వెతుకులాటలో నాకు పనికొచ్చిన పద్ధతులను కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు గ్రహించవలసిన సంగతి ఏమిటంటే, మనం టైపు చేసిన మాటలను సెర్చ్ ఇంజన్ ప్రధానంగా పోల్చి చూసేది ఆ వీడియోను పెట్టినవారు రాసిన పేరుతోనూ, దాని కింద ఇచ్చిన వివరణతోనూ. మనకు గుర్తుండేది ఒక దృశ్యం: ఒక అమ్మాయి ఎర్రంచు పరికిణీలో నిలబడి పాడింది, ఒక పెద్దాయన ఫలానా మాట అన్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. వీడియో పెట్టినవారు రాసేది మాత్రం కార్యక్రమం పేరు, చానల్ పేరు, తేదీ, ఎపిసోడ్ నంబరు. కాబట్టి సెర్చ్ పెట్టె దగ్గరికి వెళ్లేముందు, 'దీన్ని పెట్టినవారి స్థానంలో నేనుంటే ఏ పేరు రాసి ఉండేవాణ్ణి?' అని ఒక్క నిమిషం ఆలోచించండి. కింద చెప్పబోయే గుర్తులన్నీ ఆ ఆలోచన తర్వాతనే పనిచేస్తాయి.

మన భాషకు సంబంధించినంతవరకు మొదటి చిక్కు అక్షరాల దగ్గరే వస్తుంది. 1996లో ఈటీవీలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి నిర్వహణలో మొదలైన 'పాడుతా తీయగా' పేరునే తీసుకోండి. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు 'పా'కు ఒక 'ఏ' పెట్టేవారున్నారు, రెండు పెట్టేవారున్నారు. 'తా'కు 'టీ' పక్కన 'హెచ్' పెట్టేవారూ పెట్టనివారూ ఉన్నారు. 'తీ'కి రెండు 'ఈ'లు రాసేవారూ, ఒక్క 'ఐ'తో సరిపెట్టేవారూ ఉన్నారు. తెలుగు లిపిలో పేరు పెట్టిన వీడియోలు వీటికి అదనం. అందువల్ల ఒకే కార్యక్రమానికి తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో కనీసం రెండు మూడు విధాలుగా వెతకాలి. గూగుల్‌లోనైతే ఆ రూపాల మధ్య 'ఆర్' అనే ఇంగ్లీషు మాటను పెద్ద అక్షరాల్లో పెడితే, వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చూపిస్తుంది.

కొటేషన్ గుర్తుల విషయంలో కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు కూడా ఇక్కడే ఉంది. ఆ గుర్తుల మధ్య ఉన్న మాటలు అదే వరుసలో, అవే అక్షరాలతో ఉండాలని అర్థం. అవి పెట్టగానే సెర్చ్ ఇంజన్ తనంతట తాను చేసే అక్షరాల సర్దుబాటు ఆగిపోతుంది. కార్యక్రమం పేరుకు అవి తగిలిస్తే, వీడియో పెట్టినవారు ఒక్క 'హెచ్' ఎక్కువ రాసినా మనకు దొరకదు. నా అనుభవంలో, రూపం మారని మాటలకే కొటేషన్లు పెట్టడం మంచిది: 'ఫుల్ ఎపిసోడ్' అనే జంట, ఎపిసోడ్ నంబరు, రాసే తీరు ముందే తెలిసిన తేదీ. పేరును మాత్రం వదులుగా ఉంచండి.

ప్రోమోలను వదిలించుకోవడానికి మైనస్ గుర్తు ఉంది. అక్కర్లేని మాటకు ముందు, మధ్యలో ఖాళీ లేకుండా, మైనస్ పెడితే ఆ మాట ఉన్నవాటిని పక్కన పెడుతుంది. 'ప్రోమో', 'రియాక్షన్', 'ట్రోల్' అనే మూడు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో అలా తీసివేస్తేనే చెత్త చాలావరకు పోతుంది. 'ఇన్‌టైటిల్' అని ఇంగ్లీషులో రాసి, కోలన్ పెట్టి, దానికి ఆనుకునే మాట రాస్తే ఆ మాట పేరులోనే ఉండాలని అర్థం. వివరణలో ఇరవై కార్యక్రమాల పేర్లు గుప్పించే వీడియోల బెడద దీనితో తగ్గుతుంది. 'సైట్' అని రాసి, కోలన్ పెట్టి, ఏదైనా వెబ్‌సైట్ చిరునామా ఇస్తే గూగుల్ ఆ ఒక్క చోటే వెతుకుతుంది. వీటన్నిటిలోనూ కోలన్ తర్వాత ఖాళీ వదలకూడదు. ఈ ఒక్క ఖాళీ వల్లనే 'ఇవేవీ పనిచేయవు' అని వదిలేసినవారిని చాలామందిని చూశాను.

తేదీల విషయం దగ్గర కొంచెం నిలవాలి, ఎందుకంటే విదేశంలో ఉన్నవారు తప్పటడుగు వేసేది ఎక్కువగా అక్కడే. గూగుల్ 2019లో 'బిఫోర్', 'ఆఫ్టర్' అనే రెండు గుర్తులను తెచ్చింది. వాటి పక్కన సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో తేదీ ఇస్తే, దానికి ముందువి లేదా తర్వాతవి మాత్రమే చూపిస్తుంది. అయితే వీడియోల విషయంలో ఆ తేదీ నెట్‌లో పెట్టిన రోజుకు సంబంధించినది; ప్రసారమైన రోజుతో దానికి సంబంధం లేదు. యూట్యూబ్ పుట్టిందే 2005లో కాబట్టి, 1998 నాటి కార్యక్రమం కోసం 1998కి ముందూ వెనకా సరిహద్దులు గీసి వెతికితే అందులో ఏమీ దొరకదు. పాతవాటికి తేదీ గుర్తులను వదిలేసి, సంవత్సరాన్ని మామూలు మాటగా టైపు చేయండి. కొత్తవాటికి మాత్రం ఈ గుర్తులు ఎంతో ఉపయోగపడతాయి.

పేరులో రాసే తేదీ భారత కాలమానం ప్రకారం, భారతీయ పద్ధతిలో ఉంటుందని మరవకండి. సోమవారం ఉదయం ఆరు గంటల బులెటిన్ మొదలయ్యే సమయానికి న్యూయార్క్‌లో వేసవిలోనైతే ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర; ఇక్కడి క్యాలెండర్ చూసి తేదీ రాస్తే ఒక రోజు తప్పుతుంది. అలాగే అంకెల్లో 05-08 అని ఉంటే అది ఆగస్టు ఐదు. అమెరికాలో కొన్నాళ్లు ఉన్నాక దాన్ని మే ఎనిమిదిగా చదవడం మనకు తెలియకుండానే అలవాటవుతుంది. అందుకని తేదీ సరిహద్దులకు ఇరువైపులా ఒక్కో రోజు ఎడం ఇవ్వండి, నెల పేరును అంకెలతో కాక అక్షరాలతో కూడా వెతకండి.

ఇక ఫిల్టర్లు. యూట్యూబ్‌లో సెర్చ్ ఫలితాల పైన ఉండే ఫిల్టర్లలో నిడివికి సంబంధించినది అన్నిటికంటే ఉపయోగకరం. ఇరవై నిమిషాలకు మించినవి మాత్రమే చూపించమంటే ప్రోమోలూ చిన్న ముక్కలూ ఒక్కసారిగా మాయమై, పూర్తి ఎపిసోడ్లు మిగులుతాయి. గూగుల్ వీడియో విభాగంలోనూ ఇలాంటి ఎంపిక ఉంది. కానీ పాత రికార్డింగుల కోసం వెతికేటప్పుడు ఈ ఫిల్టరే మనకు అడ్డుగోడ అవుతుంది. దానివల్ల నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను కనుక ఆ సంగతి చెబుతాను.

మా అక్కయ్య కూతురు 2008లో ఒక చానల్‌లో పిల్లల పాటల పోటీలో పాడింది. నేను అప్పటికి ఇక్కడికి వచ్చి రెండేళ్లయింది, ఆ ప్రసారం చూడలేకపోయాను. చాలా ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి పెళ్లి కుదిరినప్పుడు ఆ రికార్డింగు కావాలని అక్కయ్య అడిగింది. కార్యక్రమం ముప్పావు గంట కాబట్టి ఇరవై నిమిషాల ఫిల్టర్ పెట్టి, అన్ని రకాల అక్షరాలతోనూ రోజూ వెతికాను. ఏమీ రాలేదు. చివరకు తట్టింది ఏమిటంటే, యూట్యూబ్‌లో 2006 నుంచి మామూలు వీడియోకు పది నిమిషాల పరిమితి ఉండేది. 2010 జులైలో దాన్ని పదిహేను నిమిషాలు చేశారు. అంతకంటే పెద్దవి పెట్టే వీలు ఆ సంవత్సరం చివరి నుంచి క్రమంగా వచ్చింది. అంటే ఆ రోజుల్లో ఎవరైనా ఆ కార్యక్రమాన్ని పెట్టి ఉంటే ముక్కలుగానే పెట్టి ఉండాలి! ఫిల్టర్ తీసేసి, పేరుకు 'పార్ట్' అనే మాట చేర్చి వెతికితే ఐదు ముక్కల్లో మూడు కనిపించాయి. మూడో ముక్క తొమ్మిది నిమిషాల యాభై ఏడో సెకను దగ్గర, మా అమ్మాయి చరణం ఎత్తుకోగానే ఆగిపోయింది. ఐదోది అసలు కనబడలేదు. నాలుగో ముక్క లింకు ఒక పాత ఈమెయిల్‌లో దొరికింది గాని, నొక్కితే వీడియో అందుబాటులో లేదని వచ్చింది. ఆ ముక్క సంగతి చివర్లో చెబుతాను.

చానళ్ల పేర్లు మారడం కూడా ఇలాంటి చిక్కే. 'మా టీవీ' 2017లో 'స్టార్ మా' అయింది, కనుక అంతకు ముందు పెట్టిన వీడియోలను పాత పేరుతోనే వెతకాలి. హైదరాబాద్ దూరదర్శన్ కార్యక్రమాలు 2014కు ముందువైతే 'సప్తగిరి' పేరుతో, ఆ తర్వాతివైతే 'యాదగిరి' పేరుతో ఉండే అవకాశం ఎక్కువ. దూరదర్శన్ నాటి పాత రికార్డింగుల కోసం 'ప్రసార భారతి ఆర్కైవ్స్' వారి యూట్యూబ్ చానల్‌ను ముందుగా చూడటం మంచిది.

ఏ కార్యక్రమానికైనా మొదట చానల్ సొంత పేజీకే వెళ్లండి. అక్కడ 'వీడియోలు', 'ప్లేలిస్టులు' అనే విభాగాల వరుసలో ఒక భూతద్దం గుర్తు ఉంటుంది. దానితో వెతికితే ఆ చానల్ లోపలే వెతుకుతుంది. బయట వెతికితే ఎన్నడూ పైకి రాని పాత ఎపిసోడ్లు అక్కడ బయటపడతాయి. అభిమానులు పెట్టినవి హక్కుల ఫిర్యాదుతో ఏ రోజైనా పోవచ్చు కాబట్టి అధికారికంగా పెట్టినదే మనకు నిలకడైన ఆధారం. కొన్ని ఎపిసోడ్లు మీరున్న దేశంలో అందుబాటులో లేవని వస్తే, విదేశీ హక్కులు వేరేవారి దగ్గర ఉన్నాయని అర్థం చేసుకుని, ఆ హక్కులున్న చందా సేవలో చూడటమే సరైన పని.

వార్తా చానళ్ల లైవ్ గురించి ఒక్క మాట. పన్నెండు గంటలు దాటిన లైవ్ ప్రసారాన్ని యూట్యూబ్ భద్రపరచదు, కాబట్టి ఇరవై నాలుగు గంటలూ నడిచే లైవ్‌లో నిన్న చూసిన చర్చ కోసం ఆ లైవ్‌లోనే వెతకడం వృథా. ఆ చర్చను విడిగా పెట్టారేమో అతిథి పేరుతో, కార్యక్రమం పేరుతో వెతకాలి.

మీరు స్థిరపడిన దేశపు టీవీ కావలసివస్తే పని ఇంకా సులభం. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి టీవీ న్యూస్ విభాగంలో అమెరికా వార్తా ప్రసారాలను 2009 నుంచి భద్రపరిచి, కింద వచ్చే క్యాప్షన్ల ఆధారంగా వెతికే వీలు కల్పించారు. అంటే అక్కడ తెరమీద పలికిన మాటనే నేరుగా వెతకవచ్చు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1968 ఆగస్టు నుంచి జాతీయ వార్తలను రికార్డు చేసి, ఒక్కొక్క కథనానికీ సారాంశం రాయించి పెట్టింది. బ్రిటన్‌లో చదువుకుంటున్నవారు, తమ విశ్వవిద్యాలయానికి సభ్యత్వం ఉంటే, లెర్నింగ్ ఆన్ స్క్రీన్ సంస్థ నడిపే 'బాక్స్ ఆఫ్ బ్రాడ్‌కాస్ట్స్'లో పాత ప్రసారాలను కాలేజీ లాగిన్‌తోనే చూడవచ్చు. విద్యార్థులకు ఈ సంగతి చెప్పేవారు తక్కువ. లైబ్రరీ పేజీలో వెతికి చూడండి.

చివరగా చచ్చిపోయిన లింకుల సంగతి. యూట్యూబ్ వీడియో ప్రతిదానికీ పదకొండు అక్షరాల గుర్తింపు ఉంటుంది. చిరునామాలో 'వీ' అనే అక్షరం, సమాన గుర్తు తర్వాత వచ్చేది అదే. వీడియో పోయినా ఆ పదకొండు అక్షరాలు ఎక్కడో ఒక పేజీలో, దాని అసలు పేరుతో సహా మిగిలి ఉండవచ్చు. వాటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. ఆ గుర్తింపు మైనస్‌తో మొదలైనప్పుడు కొటేషన్లు మరీ అవసరం, లేకపోతే దాన్ని తీసివేయమన్న ఆజ్ఞగా చదువుతుంది. పేరు దొరికాక, ఏ సైట్‌కూ పరిమితం చేయకుండా ఆ పేరుతో వీడియో విభాగంలో మళ్లీ వెతకండి.

మా నాలుగో ముక్క విషయంలో నేను చేసింది ఇదే. పాత పాటల జాబితా ఒకదానిలో ఆ పదకొండు అక్షరాల పక్కన దాని పేరూ, పెట్టినవారి మారుపేరూ ఉన్నాయి. కార్యక్రమం పేరును 'పా'కు ఒకే 'ఏ'తో రాసే మనిషి ఆయన. ఆ మారుపేరుతోనే వేరొక వీడియో సైట్‌లో ఐదు ముక్కలూ వరుసగా ఉన్నాయి. నాలుగోది మా అమ్మాయి పాడిన చరణంలో రెండో పాదంతో మొదలవుతుంది.