సోషల్ మీడియా ఉద్యోగమంటే పోస్టులు పెట్టడమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. సోషల్ మీడియాలో ఎప్పటికప్పుడు ఏం జరుగుతోందో గమనించే వాళ్లకు కంపెనీలు జీతాలిస్తాయని, తనూ అందులోకే వెళ్తానని అంటోంది. నిజంగా అలాంటి ఉద్యోగాలున్నాయా? ఏఐ వచ్చాక ఉంటాయా? ఒక శిక్షణ సంస్థ మూడు నెలల కోర్సుకు 45 వేలు అడుగుతోంది. కట్టమంటారా?

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయి. కోర్సు డబ్బు మాత్రం ఇప్పుడే కట్టకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందుగా, మీ అమ్మాయి ఊహించుకుంటున్న పనీ కంపెనీ డబ్బు పెట్టే పనీ ఒకటేనా అన్నది తేల్చుకోవాలి. సమయానికి తగ్గ చమత్కారంతో పోస్టు పెట్టడం అందరి కంటికీ కనబడే పని. దీనికి కోర్సుల్లో ఇప్పటికీ ఓరియో బిస్కెట్ల కంపెనీ ఉదాహరణే చెబుతారు. 2013లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఆట మధ్యలో 34 నిమిషాలు ఆగిపోయింది, స్టేడియంలో కరెంటు లేక. చీకట్లోనూ బిస్కెట్ ముంచుకు తినొచ్చంటూ ఓరియో అప్పటికప్పుడు ట్వీట్ చేసింది. అది అంత త్వరగా బయటికి రావడానికి రాసేవాళ్లు, డిజైనర్లతో పాటు ‘సరే, పెట్టండి’ అనగలిగే కంపెనీ మనుషులు కూడా ఆ రాత్రి కలిసి కూర్చోవడమే కారణం. ఆ తర్వాత ప్రతి కంపెనీ ప్రతి పండక్కీ పోస్టు పెట్టడం మొదలెట్టింది. వాటి వల్ల అమ్మకాలు ఎంత పెరిగాయంటే చాలామంది దగ్గర జవాబుండదు.

వ్యాపారానికి అసలు లాభం జనం ఏమంటున్నారో వినడంలో ఉంది. ఒక యాప్‌లో పేమెంట్లు ఆగిపోయాయనుకోండి. కాల్ సెంటర్ రిపోర్టు మర్నాడు వస్తుంది. ఎక్స్‌లో (పాత ట్విట్టర్), ప్లేస్టోర్ రివ్యూల్లో ఫిర్యాదులు మాత్రం నిమిషాల్లో మొదలవుతాయి. మన దగ్గర ఇంకో బెడద ఉంది. బ్యాంకు మీద ఎవరైనా ఫిర్యాదు పెట్టగానే, అదే బ్యాంకు లోగోతో నకిలీ ఖాతాలు దిగి ‘ఈ నంబర్‌కు ఫోన్ చేయండి’ అంటాయి. బ్యాంకు జవాబు ఆలస్యమైన కొద్దీ ఖాతాదారు మోసగాడి చేతికి చిక్కే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఇలా ఫిర్యాదులు గమనించి జవాబిచ్చే డెస్కుల పనితీరును లైకులతో కాకుండా మొదటి జవాబుకు ఎంతసేపు పట్టింది, అదే ఫిర్యాదు మళ్లీ ఎన్నిసార్లు తెరుచుకుంది అన్న లెక్కలతో కొలుస్తారు.

కంపెనీల తరఫున ఈ పని చేసే ఏజెన్సీల్లో ఈ విభాగాన్ని ఓఆర్‌ఎం (ఆన్‌లైన్ రెప్యుటేషన్ మేనేజ్‌మెంట్, అంటే నెట్‌లో కంపెనీ పేరు కాపాడే పని) అంటారు. కొత్తవాళ్లకు దొరికే మెట్టు ఇదే. మొదట్లో జీతం బీపీఓ ఉద్యోగానికి దగ్గరగా ఉంటుంది, పనీ అలాగే అనిపిస్తుంది. అక్కడి నుంచి విశ్లేషణ వైపు మళ్లితేనే ఎదుగుదల.

ఏఐ సంగతికొస్తే, ఫిర్యాదులను విడదీయడం, జవాబు చిత్తుప్రతి రాయడం ఇప్పటికే దానికి వెళ్లిపోతున్నాయి. జవాబు తప్పితే బాధ్యత మాత్రం కంపెనీదే. ఎయిర్ కెనడా చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి ఒక ప్రయాణికుడికి తప్పు చెబితే, 2024లో అక్కడి ట్రైబ్యునల్ పరిహారం కట్టమంది. ఏ జవాబును ఆపాలో, ఏ ఫిర్యాదును లీగల్ వాళ్లకు పంపాలో తేల్చే మనిషి కావాలి. నిజమో కాదో చూడకుండా స్పందిస్తే ముప్పే కాబట్టి తొందరకూ హద్దుంది. 2013 ఏప్రిల్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ట్విట్టర్ ఖాతాను హ్యాక్ చేసి వైట్‌హౌస్‌లో పేలుళ్లని ఒక్క ట్వీట్ పెడితే, అమెరికా స్టాక్ మార్కెట్ నిమిషాల్లో పడి, అబద్ధమని తేలాక మళ్లీ లేచింది.

ఏదో ఒక్క వేదికను నమ్ముకుని కెరీర్ కట్టుకోవద్దనండి. టిక్‌టాక్‌ను మన దేశంలో 2020లో నిషేధించారు. ట్విట్టర్ 2023లో తన పోస్టుల డేటాను బయటివాళ్లు వాడుకోవడానికి భారీ ధర పెట్టింది. ఫేస్‌బుక్ పోస్టుల విశ్లేషణకు వాడే క్రౌడ్‌టాంగిల్, ట్విట్టర్ లాంటి మన ‘కూ’ రెండూ 2024లో మూతపడ్డాయి. పైగా జనం మాటలు వాట్సాప్ గ్రూపుల్లోకి జరిగిపోయాయి, వాటిని చూసే వీలు ఏ టూల్‌కూ లేదు. కాబట్టి యూట్యూబ్ కామెంట్లు, గూగుల్ మ్యాప్స్ రివ్యూలు, కంపెనీకి నేరుగా వచ్చే వాట్సాప్ సందేశాల మీద పట్టు సాధించడం మేలు. వాట్సాప్‌లో కస్టమర్ చివరి సందేశం పంపిన 24 గంటల లోపే కంపెనీ స్వేచ్ఛగా జవాబు రాయగలదు. ఆ తర్వాత ముందే ఆమోదం పొందిన టెంప్లేట్లే దిక్కు.

ఇక కోర్సుకు బదులు ఏం చేయాలంటే, చదువుతుండగానే ఒక ప్రాజెక్టు. తెలుగులో మొబైల్ ఫోన్ల రివ్యూ వీడియోలు మూడు తీసుకుని 500 కామెంట్లు సేకరించాలి. కామెంట్లను ప్రోగ్రాంతో తెచ్చుకోవడానికి యూట్యూబ్ ఇచ్చే దారి డేటా ఏపీఐ, దాని కీ (అనుమతి కోడ్) ఉచితమే. వాడకాన్ని యూనిట్లలో లెక్కిస్తారు, రోజుకు 10,000 యూనిట్లు ఇస్తారు. ఒక్కో సెర్చ్‌కు 100 యూనిట్లు పోతాయి, కామెంట్లు తెచ్చుకోవడానికి మాత్రం వంద కామెంట్ల విడతకు ఒక్క యూనిట్టే. సెర్చ్‌తో మొదలెట్టిన వాళ్లకు కోటా ఇట్టే అయిపోతుంది. వీడియో ఐడీలు చేత్తో రాసుకుంటే సరి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి ఫిర్యాదు, ప్రశ్న, మెప్పు, సంబంధం లేనిది అని షీట్‌లో విడదీయాలి. స్నేహితురాలితో విడిగా అదే పని చేయించి, ఎక్కడెక్కడ తేడా వచ్చిందో చూడాలి. అప్పుడు అవే కామెంట్లను ఏఐకి ఇవ్వాలి. ‘సూపర్ ఫోనండీ, వారానికే స్క్రీన్ పోయింది’ లాంటి వెటకారాన్ని, ఇంగ్లిష్ అక్షరాల్లో తలా ఒకలా రాసే తెలుగును అది ఎన్నిసార్లు తప్పు చదివిందో లెక్కగట్టి రెండు పేజీల్లో రాయాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ రెండు పేజీలకే విలువ.

రెండు మెలకువలు నేర్చుకోమనండి. ఒకటి, వెతికే మాటలు. ‘ఆహా’ ఓటీటీ గురించి వినాలని ఉత్త ‘ఆహా’ అని వెతికితే ఊళ్లోవాళ్ల ఆశ్చర్యాలన్నీ వచ్చి పడతాయి. యాప్, లాగిన్, సబ్‌స్క్రిప్షన్ లాంటి మాటలు జతచేయాలి. రెండోది, ఫిర్యాదులు ఒక్కసారిగా పెరిగితే హెచ్చరించే అలర్ట్. ఫిర్యాదులు పెరిగాయో లేదో రోజు సగటుతో పోల్చకూడదు. రాత్రి తొమ్మిదికి జనం ఎలాగూ ఎక్కువే రాస్తారు, రోజూ ఉత్తుత్తి గంట మోగుతుంది. గత నాలుగు వారాల్లో అదే రోజు (సోమవారమైతే సోమవారాలు), అదే గంటకు వచ్చిన ఫిర్యాదుల సగటు తీసుకుని, మూడు రెట్లు దాటితే మోగేలా పెట్టడం మంచి ఆరంభం.

ఇవన్నీ చేశాక కూడా కోర్సు కావాలనిపిస్తే, మెటా బ్లూప్రింట్, హబ్‌స్పాట్ అకాడమీల్లోని ఉచిత పాఠాలు ముందు పూర్తిచేయమనండి. ఆ తర్వాత ఆ సంస్థను మూడు అడగండి: లిజనింగ్ టూల్‌లో (జనం మాటల్ని సేకరించే సాఫ్ట్‌వేర్) విద్యార్థికి సొంత లాగిన్ ఇస్తారా, ఓఆర్‌ఎం డెస్కు పని నేర్పుతారా, పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లతో మాట్లాడిస్తారా. పోస్టర్ల డిజైనూ, ‘వంద శాతం ప్లేస్‌మెంటూ’ తప్ప ఇంకేం చెప్పకపోతే 45 వేలు ఎక్కువే.

ఉద్యోగం వచ్చినప్పుడు షిఫ్టుల గురించి రాతపూర్వకంగా తెలుసుకోండి. క్రికెట్ మ్యాచ్ రాత్రులు, పండగ సేల్ రోజులే ఈ డెస్కులకు అసలు రద్దీ. రాత్రి షిఫ్టుకు క్యాబ్ ఇస్తారా, పండగ డ్యూటీకి బదులు సెలవుందా, రోజంతా బూతులు చదవాల్సి వచ్చే డెస్కైతే మనుషుల్ని మారుస్తుంటారా అని సంతకానికి ముందే అడగాలి.