మెగ్గరుకు క్యాలిబ్రేషన్ లేకపోతే రిపోర్టు చెల్లదా?

ప్రశ్న: నేను అనకాపల్లిలో లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరును. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వైరింగు, ఎర్తింగ్ పరీక్షించి రిపోర్టు ఇచ్చాను. నా మెగ్గరుకు (వైర్ల ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం), ఎర్త్ టెస్టరుకు మూడేళ్లుగా క్యాలిబ్రేషన్ (ప్రామాణిక సాధనంతో పోల్చి రీడింగును సరిచూడటం) లేదంటూ వారు రిపోర్టును తిరస్కరించి బిల్లు ఆపేశారు. ఏటా క్యాలిబ్రేషన్ చేయించాలని ఏ చట్టం చెబుతోంది?

జవాబు: కాంట్రాక్టరు తన మెగ్గరును ఏడాదికోసారి క్యాలిబ్రేట్ చేయించి తీరాలనే సెక్షను 2003 నాటి విద్యుత్ చట్టంలో లేదు. అయితే అంతమాత్రాన ఆసుపత్రి వారి అభ్యంతరం వీగిపోదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలనే చూడండి (2023లో వీటి స్థానంలో కొత్తవి వచ్చాయి). లో వోల్టేజి వైరింగుకు 500 వోల్టుల డీసీని ఒక నిమిషం పాటు ఇచ్చి కొలిచినప్పుడు ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (కరెంటు బయటికి కారకుండా ఆపే నిరోధం) కనీసం ఒక మెగాఓమ్ ఉండాలని అవి నిర్దేశించాయి. చట్టం ఒక అంకెను కోరినప్పుడు, ఆ అంకెను నమ్మదగిన పరికరంతోనే కొలవాలని కూడా కోరినట్టే. బ్యాటరీ నీరసించిన మెగ్గరు తెరమీద 500 అని చూపిస్తూనే, లోడు పడేసరికి అంతకంటే బాగా తక్కువ వోల్టేజిని ఇవ్వవచ్చు. అలాంటప్పుడు మీరు జరిపింది నిబంధన అడిగిన పరీక్షే కాదు.

తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలా అని కొందరు అడుగుతుంటారు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం వ్యాపార లావాదేవీల్లో వాడే కొలత సాధనాలతో ఆగలేదు. మనుషుల క్షేమం కోసం ఏదైనా చర్య తీసుకోవడానికి ఆధారపడే కొలతను కూడా ‘రక్షణ’ అనే మాట కింద చేర్చి, అలాంటి సాధనాలకు 24వ సెక్షనులో తనిఖీని, ముద్రను తప్పనిసరి చేసింది. అక్షరాలా చదివితే మెగ్గరు కూడా ఈ నిర్వచనంలో ఇమిడిపోతుంది. కానీ ఆ శాఖవారు తరాజులకు, పెట్రోలు పంపులకు వేసినట్టు మెగ్గర్లకు ముద్ర వేయడం ఆచరణలో కనిపించదు. కాబట్టి ఈ సెక్షను మీద బెంగ పెట్టుకోవద్దని, ల్యాబ్ క్యాలిబ్రేషన్ మీదనే దృష్టి పెట్టమని నా సలహా.

మీ విషయంలో ముందు చదవవలసినది వర్క్ ఆర్డరు. ‘ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో క్యాలిబ్రేట్ అయిన పరికరాలతో పరీక్షించాలి’ అనే వాక్యం (ఎన్ఏబీఎల్ అంటే ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) అందులో గానీ, దానికి జతచేసిన షరతుల్లో గానీ ఉంటే, మీరు ఒప్పందాన్ని పూర్తిగా నెరవేర్చలేదన్న వాదనకు బలముంటుంది. అటువంటి షరతు లేకుండా పని పూర్తయ్యాక కొత్తగా తెచ్చిపెడితే, ఆ ఒక్క కారణంతో మొత్తం బిల్లు ఆపడం కష్టమే. మీ లైసెన్సు షరతుల్లో పరికరాల గురించి ఏం రాసి ఉందో కూడా ఒకసారి చూసుకోండి.

ఏడాది అనే గడువు గురించి ఒక మాట. చాలామంది పరికరం మీద అంటించిన క్యాలిబ్రేషన్ స్టిక్కరులోని ‘డ్యూ డేటు’ను ల్యాబ్ విధించిన గడువు అనుకుంటారు. నిజానికి ఈ ల్యాబ్‌లు పాటించే ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రమాణం ప్రకారం, కస్టమరుతో ముందే ఒప్పుకుంటే తప్ప సర్టిఫికెట్టులో తదుపరి గడువును సూచించకూడదు. పరికరాన్ని ఎంత తరచుగా, ఎలాంటి చోట్ల వాడుతున్నారో చూసి గడువు నిర్ణయించుకోవలసింది మీరే. ఏడాది అనేది ఈ రంగంలో స్థిరపడిన అలవాటు, అంతే. అయినా రోజూ స్కూటరు డిక్కీలో తిరిగే మెగ్గరుకు మూడేళ్ల విరామాన్ని సమర్థించడానికి నేనైతే సాహసించను.

అసలు గండం బిల్లు కాదు, ప్రమాదం. రేపు ఆ ఆసుపత్రిలో ఎవరైనా షాక్ తగిలి మరణిస్తే, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద నిర్లక్ష్యపు మరణమని కేసు పెట్టవచ్చు. శిక్ష అయిదేళ్ల దాకా ఉంటుంది. క్యాలిబ్రేషన్ లేకపోవడమొక్కటే నేరాన్ని రుజువు చేయదు. క్రిమినల్ కేసులో ఘోరమైన నిర్లక్ష్యం కనిపించాలని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ అనే వైద్యుని కేసులో చెప్పింది. కానీ నష్టపరిహారం దావాలో అంత బలమైన రుజువు అక్కర్లేదు. నేను చూసిన ఒక వ్యాజ్యంలో క్రాస్ ఎగ్జామినేషన్ మూడు నిమిషాల్లో ముగిసింది: సర్టిఫికెట్టు ఉంది, తేదీ సరిపోయింది, దాని మీది సీరియల్ నంబరు మాత్రం కోర్టులో చూపించిన పరికరానిది కాదు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని ఇది. రెండు పరికరాలనూ వెంటనే ల్యాబ్‌కు పంపండి. అయితే సర్దుబాటుకు ముందు, పరికరం వచ్చిన స్థితిలోనే ఏ రీడింగు ఇస్తోందో సర్టిఫికెట్టులో నమోదు చేయమని లిఖితపూర్వకంగా అడగండి. ఆ రీడింగులు అనుమతించిన పరిధిలో ఉంటే, మీ పాత రిపోర్టుకు అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. పరిధి దాటితే, హద్దుకు దగ్గరగా వచ్చిన సర్క్యూట్లను ఉచితంగా మళ్లీ పరీక్షిస్తానని ఆసుపత్రికి రాయండి. 200 మెగాఓమ్‌లు వచ్చిన చోట కొద్దిపాటి తేడా వల్ల ముంచుకొచ్చేదేమీ లేదు, 1.1 వచ్చిన చోటే ప్రశ్న. ఈ ఉత్తరం, సర్టిఫికెట్టు నకలు జతచేసి బిల్లు కోసం స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పాత తేదీతో సర్టిఫికెట్టు ఇప్పిస్తామని ఎవరైనా వస్తే మాత్రం గుమ్మంలోనే పంపేయండి. ఇప్పటిదాకా బాకీ తగాదాగా ఉన్నది ఆ కాగితంతో ఫోర్జరీ కేసవుతుంది.