టెక్ సందేహాలు: పెట్టిన ర్యామ్‌లో కొంత ఎటు పోయింది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి మూలం ఒక్కటే. ర్యామ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తోందని కొందరు, తాము పక్కన పెట్టమన్న మెమరీని కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను, మెమరీని నడిపే కీలక భాగం) పక్కన పెట్టడం లేదని ఇంకొకరు రాశారు. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. బయాస్‌లోనూ 16 అనే ఉంది. లినక్స్‌లో ఫ్రీ కమాండ్ కొడితే మొత్తం 13.4 జీబీ అంటోంది. ఏ ప్రోగ్రామూ తెరవకముందే రెండున్నర జీబీ మాయం! మెమరీ లీక్ అవుతోందా? ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా? బూట్ లాగ్ జత చేస్తున్నాను.

జవాబు: లీక్ కాదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఇదే అంకె వస్తుంది. ఒక ప్రోగ్రామ్ తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వకపోతే దాన్ని లీక్ అంటాం. అప్పుడు ‘వాడుతున్నది’ పెరుగుతుంది తప్ప ‘మొత్తం’ తగ్గదు. మీకు మొత్తమే తగ్గింది. అంటే ఆ భాగం అసలు పంపకానికే రాలేదు. ఇది రెండు దశల్లో జరుగుతుంది. ఆ రెండింటినీ విడివిడిగా చూస్తేనే లెక్క తేలుతుంది.

మొదటి దశ కెర్నెల్ మొదలు కాకముందే అయిపోతుంది. మెషీన్ ఆన్ కాగానే ఫర్మ్‌వేర్ (బయాస్ లాంటి, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) తనకు కావలసింది తీసుకుని, మిగతా మెమరీ ఎక్కడెక్కడ ఉందో ఒక పటం తయారుచేస్తుంది. లాగ్ మొదట్లో ‘బయాస్-ఈ820’ అని వరసగా కనిపించే లైన్లు అవే. ఒక్కో లైనులో ఒక అడ్రస్ పరిధి, దాని రకం ఉంటాయి: వాడుకోవచ్చు, రిజర్వ్, ఏసీపీఐ డేటా వగైరా. ‘వాడుకోవచ్చు’ అన్నవన్నీ కూడితే మీకు దాదాపు 14 జీబీ వచ్చింది. మిగతా 2 జీబీలో దాదాపు అంతా ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు బయాస్ కేటాయించినది. కెర్నెల్ దృష్టిలో అది ర్యామే కాదు.

రెండో దశ కెర్నెల్ చేతిలో జరుగుతుంది. నాకు బాగా నచ్చే ఘట్టం ఇది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రోజూ మెమరీ పంచే పెద్ద యంత్రాంగం, అంటే బడ్డీ అలకేటర్, బూట్ మొదట్లో ఇంకా పుట్టలేదు. దాన్ని నిలబెట్టడానికే బోలెడు మెమరీ కావాలి. ఆ మెమరీ ఇచ్చేదెవరు? ఆ పనిని మెమ్‌బ్లాక్ అనే చిన్న అలకేటర్ చేస్తుంది. 2010లో, 2.6.35 వెర్షన్‌తో ఇది లినక్స్‌లోకి వచ్చింది. అంతకుముందున్న బూట్‌మెమ్‌ను 2018లో 4.20 వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు. మెమ్‌బ్లాక్ దగ్గర ఉండేవి ముఖ్యంగా రెండు జాబితాలు. ఒకటి ‘ఉన్న మెమరీ’, రెండోది ‘రిజర్వ్ అయిన మెమరీ’. ఎవరైనా మెమరీ అడిగితే మొదటి జాబితాలో ఉండి రెండోదాంట్లో లేని చోటు వెతికి ఇస్తుంది. ఇచ్చిన చోటును కూడా రెండో జాబితాలో రాసుకుంటుంది.

ఇంత సులువైన పద్ధతిలోనూ ఒక ప్రమాదం ఉంది. ఏదైనా ముఖ్యమైన భాగాన్ని రెండో జాబితాలో రాయకముందే ఎవరైనా మెమరీ అడిగితే, ఆ భాగాన్నే తీసి ఇచ్చేయొచ్చు. కెర్నెల్ ఇమేజ్, బూట్‌లోడర్ (కెర్నెల్‌ను ర్యామ్‌లోకి తెచ్చి మొదలుపెట్టే ప్రోగ్రామ్) తెచ్చిపెట్టిన ఇనిట్‌ర్యామ్‌డిస్క్ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైళ్ల కట్ట), ఫర్మ్‌వేర్ పట్టికలు అన్నీ అప్పటికే ర్యామ్‌లో ఉంటాయి. వాటి మీద ఇంకెవరో రాసేస్తే బూట్ ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగిందో పట్టుకోవడం చాలా కష్టం. కాబట్టి ముందు రిజర్వ్ చేయాలి, తర్వాతే పంచాలి. ఈ క్రమానికి ఎంత విలువ ఇస్తారో చూడండి. ఆ జాబితాల్లో మొదట ఒక్కోదానికి 128 గడులు ఉంటాయి. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా) మెషీన్లలో యూఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) అంతకన్నా ఎక్కువ పరిధులు ఇవ్వొచ్చు, అప్పుడు జాబితాను పెంచాలి. పెంచడానికి మళ్లీ మెమరీ కావాలి కదా! అందుకే ముందే ఉన్న రిజర్వ్ భాగాలన్నీ నమోదయ్యాకే జాబితా పెరగడానికి అనుమతిస్తారు.

ఎక్స్86 మెషీన్లలో 2021 నాటి 5.13 వెర్షన్ నుంచి మొదటి 1 ఎంబీని మొత్తంగా పక్కన పెట్టేస్తున్నారు. కొన్ని బయాస్‌లు చెప్పాపెట్టకుండా ఆ ప్రాంతంలో రాసేస్తాయి. ఏ బయాస్ ఎక్కడ చెడగొడుతుందో ఒక్కొక్కటిగా జాబితా కట్టే కన్నా 1 ఎంబీ వదులుకోవడం మేలు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం.

ఇక మీ లెక్క. కెర్నెల్ ప్రతి 4 కేబీ పేజీకీ 64 బైట్ల రికార్డు ఉంచుతుంది, అంటే 64వ వంతు. 14 జీబీకి 224 ఎంబీ దానికే పోయింది. మీ కమాండ్ లైన్‌లో (బూట్ సమయంలో కెర్నెల్‌కు ఇచ్చే సెట్టింగుల వరసలో) క్రాష్‌కెర్నెల్‌కు 256 ఎంబీ అని ఉంది. 32 బిట్ల అడ్రస్‌లు మాత్రమే అందుకోగల పరికరాల కోసం ఉంచే బౌన్స్ బఫర్‌కు మరో 64 ఎంబీ. కెర్నెల్ ఇమేజ్, చిల్లర మల్లర కలిపితే మీరు చూసిన 13.4 దగ్గరికి వస్తుంది.

లాగ్‌లో ‘మెమరీ: ఇంత/ఇంత అవైలబుల్’ అనే లైను ఒకటుంది. అందులో రెండో అంకె ఫర్మ్‌వేర్ వాటా పోగా కెర్నెల్‌కు దక్కినది. గ్రాఫిక్స్ తీసుకున్న 2 జీబీని అక్కడ వెతికితే దొరకదు, ఈ820 లైన్లలోనే చూడాలి. ఇక మొదటి అంకె కన్నా ఫ్రీ చూపే మొత్తం కాస్త ఎక్కువ ఉందని కంగారు పడకండి. ఇనిట్‌ర్యామ్‌డిస్క్ పని అయ్యాక దాని చోటునూ, బూట్ సమయంలో మాత్రమే అవసరమైన కెర్నెల్ కోడ్ చోటునూ తిరిగి ఇచ్చేస్తారు. ‘ఫ్రీయింగ్’ అని మొదలయ్యే లైన్లు వాటివే.

ఎంత వెనక్కి తెచ్చుకోవచ్చు? గ్రాఫిక్స్ వాటాను బయాస్‌లో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ అనే సెట్టింగ్ దగ్గర తగ్గించవచ్చు. రోజువారీ పనికి 512 ఎంబీ చాలు. అవసరమైనప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ మామూలు ర్యామ్‌లోంచి కూడా తీసుకుంటుంది. గేములు ఆడేవాళ్లయితే మాత్రం అలాగే ఉంచండి, ప్రత్యేక గ్రాఫిక్స్ మెమరీ ఎంతుందో చూసి మొండికేసే గేములున్నాయి. క్రాష్‌కెర్నెల్ సంగతికొస్తే, అసలు కెర్నెల్ కుప్పకూలితే ఆ 256 ఎంబీలో రెండో కెర్నెల్ లేచి, జరిగిందేమిటో డిస్క్ మీద రాస్తుంది. మెషీన్ తరచూ ఫ్రీజ్ అవుతూ ఉంటే దాన్ని కదపొద్దు. అలాంటి ఇబ్బందే లేకపోతే ఆ రాతపని చూసే కేడంప్ సర్వీసును ఆపి, గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్) సెట్టింగుల్లోంచి ఆ పారామీటర్ తీసేసి రీబూట్ చేయండి. పేజీ రికార్డుల 224 ఎంబీ జోలికి మాత్రం వెళ్లలేరు. అది లేకుండా మెమరీ నిర్వహణే ఉండదు.

ప్రశ్న: విండోస్‌లో 8 జీబీ ఇన్‌స్టాల్డ్, 5.9 జీబీ యూజబుల్ అని వస్తోంది. ఇదీ అంతేనా?

జవాబు: చాలావరకు అంతే. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిస్తే ‘హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్’ అనే అంకె ఉంటుంది. 2 జీబీకి దగ్గరగా ఉంటే గ్రాఫిక్స్ వాటానే ముందు అనుమానించండి. బయాస్‌లో ఆ వాటా చిన్నదే అని తేలితే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి ‘మాగ్జిమమ్ మెమరీ’ దగ్గర టిక్ ఉందేమో చూడండి. వేగం పెరుగుతుందన్న సలహా విని అక్కడ టిక్ పెట్టేవాళ్లున్నారు. దానివల్ల వేగం పెరగదు, ర్యామ్‌కు హద్దు పడుతుంది, అంతే. టిక్ తీసేసి రీస్టార్ట్ చేయండి. 32 బిట్ విండోస్ అయితే 4 జీబీ అడ్రస్ హద్దు లోపలే పరికరాలకూ చోటు కావాలి, అక్కడ సెట్టింగులతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ప్రశ్న: ఒక ఆర్మ్ బోర్డు మీద పని చేస్తున్నాను. పక్కనున్న డీఎస్‌పీ (సిగ్నల్ ప్రాసెసర్) కోసం డివైస్ ట్రీలోని (బోర్డు హార్డ్‌వేర్ వివరాల పట్టికలోని) రిజర్వ్‌డ్-మెమరీ నోడ్‌లో 64 ఎంబీ రాశాను. అయినా డీఎస్‌పీ డేటా అప్పుడప్పుడు పాడైపోతోంది. కెర్నెల్ నా మాట వినడం లేదా?

జవాబు: మూడు చోట్ల చూడాలి.

మొదట మీ నోడ్‌ను కెర్నెల్ అసలు చదివిందా? రిజర్వ్‌డ్-మెమరీ నోడ్‌లోని అడ్రస్-సెల్స్, సైజ్-సెల్స్ విలువలు రూట్ నోడ్‌లోని వాటితో సరిపోవాలి. రేంజెస్ అనే ఖాళీ ప్రాపర్టీ కూడా ఉండి తీరాలి. ఒక్కటి తేడా వచ్చినా ‘అన్‌సపోర్టెడ్ నోడ్ ఫార్మాట్, ఇగ్నోరింగ్’ అని లాగ్‌లో ఒక్క లైను రాసి, కెర్నెల్ మొత్తం నోడ్‌ను వదిలేస్తుంది. బూట్ మాత్రం సాఫీగా అయిపోతుంది, అదే అసలు చిక్కు.

నోడ్ సరిగ్గా ఉంటే బూట్‌లోడర్ మీదికి వెళ్లండి. అది ఇనిట్‌ర్యామ్‌డిస్క్‌నో, డివైస్ ట్రీనో మీ 64 ఎంబీలోనే దించుతోందేమో లోడ్ అడ్రస్‌లు పోల్చి చూడండి. కెర్నెల్ లేచేసరికి అక్కడ వేరే డేటా ఉంటే, మీ భాగానికి నో-మ్యాప్ (కింద వివరించాను) ఇవ్వడానికి అది ఒప్పుకోదు, రిజర్వ్ చేయలేకపోయానని లాగ్‌లో చెబుతుంది. కమాండ్ లైన్‌లో మెమ్‌బ్లాక్=డీబగ్ అని పెడితే ఎవరు ఎప్పుడు ఏ పరిధిని రిజర్వ్ చేశారో వరసగా కనిపిస్తుంది. ఇలాంటి సమస్యకు అంతకన్నా మంచి సాధనం నాకు తెలిసి లేదు.

మూడోది నో-మ్యాప్. మీ లక్షణాలను బట్టి నా అనుమానం దీని మీదే. నోడ్‌లో రిజర్వ్ అని మాత్రమే రాస్తే కెర్నెల్ ఆ చోటును ఎవరికీ ఇవ్వదు, కానీ తన సొంత మ్యాపింగ్‌లో క్యాష్ (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న వేగవంతమైన మెమరీ) ఉండే మెమరీగానే ఉంచుకుంటుంది. ప్రాసెసర్ ముందుచూపుతో అక్కడి డేటాను క్యాష్‌లోకి లాక్కోవచ్చు. అదే మెమరీని మీ డ్రైవర్ క్యాష్ లేకుండా ఇంకోసారి మ్యాప్ చేస్తే ఆర్మ్‌లో ఆ రెండింటికీ పొత్తు కుదరదు. అప్పుడప్పుడు మాత్రమే పాడవడం దీనికి గట్టి సూచన. నో-మ్యాప్ పెడితే కెర్నెల్ ఆ భాగాన్ని తన మ్యాపింగ్‌లోంచే తీసేస్తుంది. వేరే ప్రాసెసర్ సొంతంగా వాడుకునే మెమరీకి అదే సరైనది.

ఎప్పుడో ఒకసారి మాత్రమే పెద్ద బఫర్ కావలసిన కెమెరా లాంటి పరికరానికైతే రీయూజబుల్ నయం. పరికరం ఖాళీగా ఉన్నప్పుడు, జరపడానికి వీలైన పేజీలను కెర్నెల్ అక్కడ ఉంచి, అవసరం రాగానే వేరే చోటికి మారుస్తుంది. నో-మ్యాప్, రీయూజబుల్ ప్రాపర్టీలు రెండూ ఒకే నోడ్‌లో ఉండకూడదు. ఫలానా అడ్రసే కావాలన్న పట్టింపు లేకపోతే అడ్రస్ ఇచ్చే రెగ్ ప్రాపర్టీ బదులు సైజ్, అలైన్‌మెంట్ ఇచ్చి చోటు ఎంపికను కెర్నెల్‌కే వదిలేయండి.

ప్రశ్న: 6 జీబీ ఫోన్‌లో 5.5 కూడా చూపించడం లేదు. రూట్ చేస్తే మిగతాది వస్తుందా?

జవాబు: రాదు, ప్రయత్నించకండి. మోడెమ్, డీఎస్‌పీ, వేలిముద్రల్లాంటివి చూసుకునే సెక్యూర్ విభాగం, ఇవన్నీ పైన చెప్పిన నో-మ్యాప్ పద్ధతిలోనే తమ భాగాలు తీసుకుంటాయి. సెక్యూర్ భాగాన్ని కెర్నెల్ ముట్టుకోబోయినా హార్డ్‌వేరే అడ్డుకుంటుంది.

ప్రశ్న: మెమ్‌టెస్ట్ నడిపితే ప్రతిసారీ ఒకే అడ్రస్ దగ్గర ఎర్రర్ వస్తోంది. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, మార్చడం కుదరదు. ఆ ఒక్క చోటును వాడొద్దని లినక్స్‌కు చెప్పగలమా?

జవాబు: చెప్పగలం. మెమ్‌మ్యాప్ అనే బూట్ పారామీటర్ ఉన్నది ఇలాంటి అవసరానికే. మెమ్‌మ్యాప్=64కే అని రాసి, డాలర్ గుర్తు పెట్టి, చెడిన చోటు మొదలయ్యే అడ్రస్ ఇస్తే ఆ 64 కేబీని కెర్నెల్ రిజర్వ్‌గా గుర్తిస్తుంది. ‘కే’, హెక్స్ అడ్రస్ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఇవ్వాలని వేరే చెప్పక్కర్లేదు. ఎర్రర్ వచ్చిన అడ్రస్ మధ్యలో పడేలా అటూ ఇటూ కొంచెం జాగా వదలండి.

డాలర్ గుర్తుతో మాత్రం జాగ్రత్త. గ్రబ్ దాన్ని తన వేరియబుల్ అనుకుని గుర్తునూ, వెనకున్న అంకెనూ మింగేస్తుంది. అప్పుడు మిగిలేది మెమ్‌మ్యాప్=64కే మాత్రమే. కెర్నెల్‌కు దాని అర్థం పూర్తిగా వేరు: మెమరీని మొత్తంగా 64 కేబీకి కుదించమని. ఇక బూట్ కాదు. కాబట్టి గుర్తు ముందు బ్యాక్‌స్లాష్‌లు పెట్టాలి. ఎన్ని పెట్టాలన్నది మీరు ఏ ఫైల్‌లో రాస్తున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే మొదట సెట్టింగుల ఫైల్‌లో రాయకండి. బూట్ మెనూలో ‘ఈ’ నొక్కి ఆ ఒక్కసారికి మార్చి చూడండి. తేడా వచ్చినా రీబూట్‌తో పాత స్థితి వచ్చేస్తుంది.

బూట్ అయ్యాక ప్రోక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ ఫైల్‌లో పారామీటర్ పూర్తిగా ఉందో లేదో చూడండి. తర్వాత ఐఓమెమ్ ఫైల్‌ను సుడోతో తెరవండి. సుడో లేకపోతే అడ్రస్‌లన్నీ సున్నాలుగా కనిపిస్తాయి. మీ పరిధి ఎదురుగా ‘రిజర్వ్‌డ్’ అని ఉంటే పని అయినట్టే. ఈ హద్దు లినక్స్‌కు మాత్రమే వర్తిస్తుంది, ఫర్మ్‌వేర్‌కూ బూట్‌లోడర్‌కూ అది తెలియదు. చెడిన చోటు పక్క చోట్లకు పాకే అవకాశమూ ఉంది. కాబట్టి ఈ రాత్రికే బ్యాకప్ తీసుకుని, కొన్ని వారాల తర్వాత మెమ్‌టెస్ట్ మళ్లీ నడపండి. కొత్త అడ్రస్‌లు కనిపించాయంటే పారామీటర్లు పెంచుకుంటూ పోకుండా బోర్డు మార్చే ఏర్పాటు చూసుకోండి.