తంగేడు గింజ ఎందుకు మొలవదు?

ప్రశ్న: మేడమ్, ఇంటి వెనక ఖాళీ జాగాలో గోడ పొడవునా తంగేడు పెంచుదామని, పోయినేడు చెరువుగట్టు మీది చెట్ల నుంచి ఎండుకాయలు తెచ్చి గింజలు చల్లాను. రోజూ నీళ్లు పోసినా ఒక్కటీ లేవలేదు. తేనెటీగలు, సీతాకోకచిలుకలు రావాలని నా కోరిక. నర్సరీలో అడిగితే టెకోమా పెట్టుకొమ్మన్నారు. ఏం చేయమంటారు?
– సిద్దిపేట నుంచి ఒక పాఠకురాలు

జవాబు: టెకోమా అమెరికా వైపు నుంచి వచ్చిన మొక్క. పచ్చగా పూస్తే చాలనుకునేవాళ్లకు సరే, మీకొద్దు. తంగేడే పెట్టండి.

తంగేడు గింజ పెంకు మహా గట్టిది, మీరు పోసిన నీళ్లు మట్టిని తడిపాయి గానీ గింజ లోపలికి పోలేదు. ఈసారి ముందు పుచ్చినవి, సన్న రంధ్రాలున్నవి ఏరి పారేయండి. నీళ్లు బాగా మరిగించి, పొయ్యి మీంచి దించాక అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేయండి (గింజలను పొయ్యి మీద ఉడకబెట్టొద్దు సుమా!). తెల్లారేసరికి ఉబ్బినవి నాటొచ్చు, అలాగే గట్టిగా మిగిలినవాటిని శాండ్ పేపర్ మీద ఒక పక్క కాస్త రుద్ది మళ్లీ నానబెట్టండి. తల్లివేరు లోతుకు దిగే మొక్క కాబట్టి పెరిగాక పీకి నాటితే బతకడం కష్టం. తొలకరి పడ్డాక, నీళ్లు నిలవని చోట, ఎండ బాగా తగిలేలా నేరుగా నేలలోనే పెట్టడం మేలు. వేరు పట్టాక రోజూ నీళ్లు అక్కర్లేదు, అతిగా పోస్తేనే పాడవుతుంది.

ఇక తేనెటీగల సంగతి. ఈ పూలలో మకరందం ఉండదు, ఉన్నదంతా పుప్పొడే, అదీ కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచే రాలాలి. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లు అదరగొడుతుంది, అప్పుడు దాని ఝుంకారం ఎగిరేటప్పటి కన్నా సన్నగా, పదునుగా వినిపిస్తుంది, దాంతో పుప్పొడి జల్లుమని దాని మీద పడుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు, కింద రాలింది ఏరుకోవడమే. తేనెటీగలే కావాలంటే పక్కన నాలుగు తులసి మొక్కలు పెట్టండి.

అన్నట్టు, బతుకమ్మకు పూలు కోసేటప్పుడు కొమ్మలన్నీ ఖాళీ చేయకండి, గింజలకు కాయలు కావాలిగా.

ప్రశ్న: మా తంగేడు ఆకులను పచ్చటి గొంగళిపురుగులు తినేస్తున్నాయి. వేపనూనె కొట్టాలా?
– అనంతపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ. ఆకు రంగులోనే ఉన్నాయంటే బహుశా అవి తెల్లగా, లేత ఆకుపచ్చ ఛాయలో ఎగిరే సీతాకోకచిలుకల పిల్లలు, అవి గుడ్లు పెట్టేది తంగేడు జాతి మొక్కల మీదే. మొక్క ఎదిగిందైతే ఆకులు మళ్లీ వేస్తుంది, టెన్షన్ పడకండి. మరీ చిన్న మొక్క అయితే పురుగులను ఆకుతో సహా తీసి పెద్ద మొక్క మీద వదలండి.