తొండా? ఊసరవెల్లా?

సందేహం: సెలవు రోజుల్లో మేం కొంతమందిమి కలిసి ఖాజాగూడ గుట్టలెక్కుతుంటాం. మొన్న ఒక బండ మీద ఎర్రటి వీపు, నల్లటి పక్కలు ఉన్న బల్లిలాంటి జీవి కనిపించింది. దగ్గరికి వెళ్లేసరికి దాని ఎరుపు వెలిసిపోయింది. ఒకరు తొండ అన్నారు, రంగు మార్చింది కాబట్టి ఊసరవెల్లే అని ఇంకొకరు వాదించారు. ‘తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు’ అని సామెత ఉంది కదా, రెండూ ఒకటేనా? ఊసరవెల్లిలు బండల మీద కూడా ఉంటాయా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీరు చూసింది తొండే. బండల మీద తిరిగే రకం కాబట్టి రాతి తొండ అనండి. జత కట్టే కాలంలో మగ తొండకు ఇలా రంగులొస్తాయి, బెదిరితే చప్పున తగ్గిపోతాయి. కంచెల మీద కనిపించే మామూలు తొండకు కూడా ఆ రోజుల్లో తల, గొంతు ఎర్రబడతాయి. కాబట్టి రంగు మార్చిందల్లా ఊసరవెల్లి కాదు.

ఇక సామెత సంగతి. చిక్కంతా ‘ముదిరి’ అనే మాటలో ఉంది. వంకాయ ముదిరింది అంటే వయసు. గొడవ ముదిరింది, వాడు ముదురు అన్నప్పుడు వయసుతో పనిలేదు. సామెతలో ఉన్నది ఈ రెండో ముదరడమే. చిన్న చిన్న మోసాలు చేసేవాడు చివరికి ఆరితేరిన మాయగాడైతే ఆ మాట అంటారు. తొండ, ఊసరవెల్లి వేర్వేరు జీవులని తెలిసినవాళ్లే ఆ సామెత కట్టారు. రెండూ ఒకటే అయితే అందులో చెప్పడానికి ఏముంటుంది?

ఈ కలగాపులగం కొత్తదేమీ కాదు. భాగవతంలో నృగ మహారాజు గోదానంలో జరిగిన పొరపాటు వల్ల కృకలాసంగా, అంటే బల్లిలాంటి జీవిగా మారి నూతిలో పడి ఉంటాడు. ఆ కథ చెప్పేటప్పుడు కొందరు ఊసరవెల్లి అంటారు, కొందరు తొండ అంటారు. పురాణ కథలో ఎలా అన్నా నష్టం లేదు. గుట్ట మీద ఎదురుగా ఉన్నదాన్ని చూసి చెప్పేటప్పుడు మాత్రం తేడా పాటించాలి.

ఆ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. తొండ తల ఎగరేస్తుంది, అలికిడైతే ఒక్క పరుగున మాయమవుతుంది. ఊసరవెల్లికి పరుగు రాదు. గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒక్కో అడుగే వేస్తుంది. వేళ్లు రెండు జట్లుగా అతుక్కుని, కొమ్మను పట్టకారులా పట్టుకుంటాయి. తోక కొమ్మకు చుట్టుకుంటుంది, తొండ తోక అలా చుట్టుకోదు. ఇక కళ్లు చూడండి! ఒకటి ముందుకు చూస్తుంటే ఇంకొకటి వెనక్కి తిరుగుతుంది. ఇది చెట్ల మీద, పొదల్లో ఆకుల మధ్య కలిసిపోయి ఉంటుంది కాబట్టి బండల మీద వెతికితే దొరకదు.

మీరు అడక్కపోయినా ఇంకో పేరు గురించి చెప్పాలనిపిస్తోంది. నున్నగా మెరిసే ఒళ్లు, పొట్టి కాళ్లతో ఎండుటాకుల్లో సరసరా దూరిపోయే జీవి మీకు కనిపించే ఉంటుంది. దాన్ని నలికండ్ల పాము అంటారు, నలికిరి అని కూడా అంటారు. అది పాము కాదు, విషం లేదు, పురుగుల్ని తిని బతుకుతుంది. పేరులో పాము ఉన్న పాపానికి జనం టెన్షన్ పడి కర్రలతో కొట్టి చంపేస్తున్నారు. నిఘంటువులో రెండు పేర్లూ ఉండనివ్వండి. మీతో పిల్లలు వచ్చినప్పుడు మాత్రం నలికిరి అనే చెప్పండి.

చివరగా, మీరు ‘ఊసరవెల్లిలు’ అని రాశారు. బల్లి – బల్లులు, పిల్లి – పిల్లులు అయినట్టే ఊసరవెల్లి – ఊసరవెల్లులు అవుతుంది. తొండకు ఆ చిక్కు లేదు, తొండలు అంటే సరిపోతుంది.