తల్లి పోలికతో దేవుడు

ప్రశ్న: 'తల్లి ఆదరించినట్టు మిమ్మల్ని ఆదరిస్తాను' అని బైబిల్లో యెషయా 66:13లో దేవుడు అంటాడు కదా! ఇలాంటి పోలికలను తర్వాతి కాలంలో నాస్టిక్కులు (రహస్య జ్ఞానంతోనే రక్షణ అని నమ్మిన తొలినాటి వర్గాలవాళ్లు) మాత్రమే వాడారని విన్నాను. నిజమేనా?

జవాబు: కాదండీ. క్రైస్తవ సంఘం గౌరవించిన బోధకులే వాటిని ధారాళంగా వాడారు. అందరికంటే ముందు చదవాల్సింది క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో బోధించిన క్లెమెంటును. ఆయన రాసిన 'పైదగోగోస్' (శిక్షకుడు) మొదటి పుస్తకం ఆరో అధ్యాయంలో విశ్వాసులు చంటిబిడ్డలు, వాళ్లు తాగే పాలు క్రీస్తు, ఆ పాలు వచ్చేది తండ్రి రొమ్ము నుంచి.

దీన్ని కవిత్వమని దాటేస్తే అసలు వాదన చేజారిపోతుంది. తల్లి రక్తమే కాన్పయ్యాక పాలుగా మారుతుందని ఆనాటి వైద్యం నమ్మేది. క్లెమెంటు దాన్నే ఆధారం చేసుకున్నాడు: అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో వాళ్లకు తాగించానన్న పాలు, క్రీస్తు రక్తం ఒకే పదార్థానికి రెండు రూపాలు. కాబట్టి బాప్తిస్మం పొందిన సామాన్యుడికి అందేది సంపూర్ణ ఆహారమే. 'మీరింకా పాలు తాగే పిల్లలు, పై జ్ఞానం మాది' అన్న నాస్టిక్కులకు ఆయన ఇచ్చిన సమాధానం ఇదే. అంటే మీరు విన్నదానికి పూర్తిగా తలకిందులు!

'సొలొమోను ఓడ్లు' అనే ప్రాచీన క్రైస్తవ పాటలు సిరియాక్ (అరామిక్‌కు చెందిన భాష)లో ఉన్నాయి. వాటిలో 19వది ఇంకా సాహసించింది. అందులో గిన్నె కుమారుడు, పాలున్నది తండ్రి రొమ్ముల్లో, పిండేది పరిశుద్ధాత్మ. రొమ్ములు నిండాయి, పాలు వృథా పోకూడదు, అందుకే ఆమె పిండింది. అవును, ఆ పాటలో ఆత్మ 'ఆమె'.

ప్రశ్న: అలాగైతే ఆత్మను స్త్రీ అని నమ్మినట్టేనా?

జవాబు: అలా తేల్చేయడం తొందరపాటు. సిరియాక్‌లో ఆత్మ అనే పదం స్త్రీలింగం. తల్లి పోలికకు అది దారి తీసింది. పెళ్లికానివాడు దేవుణ్ణి తండ్రిగా, పరిశుద్ధాత్మను తల్లిగా ప్రేమిస్తాడని 4వ శతాబ్దంలో సిరియాక్ రచయిత అఫ్రహాత్ తన 18వ ప్రబోధంలో రాశాడు. అయితే అదే పదం లాటిన్‌లో పుంలింగం, గ్రీకులో నపుంసకలింగం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, దైవంలో లింగభేదం లేదని యెషయా వ్యాఖ్యానంలో బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోము చెప్పాడు. బైబిల్లోని పరమగీతంపై 7వ ప్రసంగంలో గ్రీకు బిషప్పు నిస్సా గ్రెగరీదీ ఇదే మాట.

సుమారు క్రీ.శ. 400 తర్వాత సిరియాక్ రచయితలు పరిశుద్ధాత్మకు పుంలింగ రూపాలు వాడటం మొదలుపెట్టారు. తండ్రి, తల్లి, బిడ్డ కుటుంబాన్ని త్రిత్వానికి (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అయిన ఒకే దేవుడికి) ప్రతిబింబంగా చూడటాన్ని లాటిన్ వేదాంతి అగస్టీను 'త్రిత్వం' 12వ పుస్తకంలో తోసిపుచ్చాడు.